సార్జెంట్ 1922లో వేసిన తెల్లబట్టల వాటర్ కలర్: ఎవరెవరి చేతులు మారింది?

చార్లెస్_గట్టు (బోస్టన్) | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. బొమ్మల గురించి నాకు పెద్దగా తెలియదు, ముందే చెప్పేస్తున్నా. పోయిన ఆదివారం మా అమ్మని గార్డ్‌నర్ మ్యూజియంకి తీసుకెళ్లాను. ఇండియా నుంచి వచ్చి నెలయింది, ఇంట్లో కూచుని బోర్ కొడుతోందంటే. మూడో అంతస్తులో గోతిక్ రూమ్ చివర, తన ఇంటినే మ్యూజియం చేసిన ఆ ఇంటావిడ ఇసబెల్లా గార్డ్‌నర్ నిలువెత్తు పోర్ట్రెయిట్ ఉంది. జాన్ సింగర్ సార్జెంట్ అనే అమెరికన్ పెయింటర్ 1888లో వేసింది. నల్ల గౌను, నడుముకి ముత్యాల దండలు, తల వెనక జరీ డిజైను చక్రంలా, దేవుడి పటంలో ఉన్నట్టు. అమ్మకి బాగా నచ్చింది.

కిందికొచ్చాక ఒక చిన్న గదిలో ఇంకో బొమ్మ. ఏ3 కాగితం కంటే రవ్వంత పెద్దది. సోఫాలో ఒక ముసలావిడ, తల దగ్గర్నుంచి కాళ్లదాకా తెల్లబట్టలో చుట్టేసి ఉంది. ముఖం ఒక్కటే కనిపిస్తుంది. అమ్మ చూడగానే "అయ్యో, ఈవిడకి ఒంట్లో బాలేదా?" అంది. పేరుకార్డు లేదు. అక్కడ కూర్చున్న గార్డుని అడిగితే పైన చూసిన ఆవిడే, అదే సార్జెంట్ 34 ఏళ్ల తర్వాత వేశాడు అన్నాడు. అమ్మ నమ్మలేదు.

నా ప్రశ్న ఇది. ఇలాంటి బొమ్మలకి ఎవరు కొన్నారు, ఎవరికి అమ్మారు అని పెద్ద జాబితా ఉంటుంది కదా? దీనికి ఎంతమంది చేతులు మారాయి?

---

పాతకాగితాలు | శనివారం రాత్రి 10:15

ఒక్కరు కూడా మారలేదండీ! మీరు చూసిన గది మెక్‌నైట్ రూమ్. డాడ్జ్ మెక్‌నైట్ అని వాటర్ కలర్లు వేసే ఆయన, గార్డ్‌నర్ గారికి స్నేహితుడు, ఆయన పేరు పెట్టారు. 1919 డిసెంబర్‌లో ఆవిడకి పక్షవాతం వచ్చింది. ఆ తర్వాత కింది అంతస్తులోనే ఎక్కువ గడిపేది. 1922 సెప్టెంబర్‌లో సార్జెంట్ అక్కడే ఆవిడని చూసి వేశాడు. 1924 జూలైలో ఆవిడ పోయింది, 84 ఏళ్లకి. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో లండన్‌లో సార్జెంట్ పోయాడు. బొమ్మ మాత్రం ఆ ఇంటి గడప దాటలేదు. వేసినవాడు, వేయించుకున్నావిడ, ఆవిడ పేరున మ్యూజియం. చరిత్ర అంతే.

పేరుకార్డులు లేకపోవడం కూడా ఆవిడ ఇష్టమే. ఇంట్లో గోడ మీద బొమ్మలకి చీటీలు అంటిస్తామా?

---

కుంచె_నీళ్లు (హైదరాబాద్) | శనివారం రాత్రి 10:52

నేను వాటర్ కలర్లు వేస్తాను కాబట్టి ఒక మాట. చార్లెస్ గారూ, ఈసారి వెళ్తే ఆ తెల్లబట్టని దగ్గరగా చూడండి. అందులో చాలా భాగం రంగే కాదు, కాగితం. మడతల్లో నీలం, కొంచెం గోధుమ, ఎక్కడో లేత ఊదా వాష్, అంటే పల్చటి పూత, వేసి వదిలేశాడు. మిగతాది ఖాళీ కాగితమే బట్టలా కనిపిస్తుంది. ఆయిల్‌లో తప్పు చేస్తే పైన ఇంకో పూత పూసేయొచ్చు. ఇక్కడ తడి ఆరేలోపు నిర్ణయం అయిపోవాలి. వేరే బొమ్మల్లో ఆయన మైనం రాసి రంగు అంటకుండా చేయడం, చిక్కటి తెలుపు పైన పెట్టడం లాంటి ట్రిక్కులు బాగానే వాడాడు. ఈ బొమ్మ చూస్తే మాత్రం ఊపిరి బిగబట్టి వేసినట్టుంటుంది నాకు.

నీరసంగా ఉన్న ముఖాన్ని పోర్ట్రెయిట్ పెయింటర్లు సాధారణంగా అందంగా దిద్దుతారు. ఈయన దిద్దలేదు.

---

వాదన_వాసు | ఆదివారం ఉదయం 7:20

సరే, అందరూ కరిగిపోయే ముందు నేనొక నీళ్లకుండ బోర్లిస్తా. సార్జెంట్ అంటే డబ్బున్నవాళ్ల పెయింటర్. లండన్‌లో దొరల్నీ వాళ్ల ఆడవాళ్లనీ సిల్కు గౌన్లలో వేసి బాగా సంపాదించాడు. మన కర్జన్‌ని కూడా వేశాడు, బెంగాల్‌ని ముక్కలు చేసినాయన్ని. చివర్లో ఒక కోటీశ్వరురాలికి చిన్న బొమ్మ వేసిచ్చాడు. అది ఆవిడ ఇంట్లోనే ఉండిపోయింది. ఇందులో చరిత్ర ఏముంది? చేతులు మారని బొమ్మకి కథే లేదు కదా.

---

పాతకాగితాలు | ఆదివారం ఉదయం 11:05

వాసు గారూ, మీరు ఫ్లాట్ కొన్నారా ఎప్పుడైనా? లింక్ డాక్యుమెంట్లు అడుగుతాం కదా. ముప్పై ఏళ్ల ఈసీ తీయిస్తాం. మధ్యలో ఒక్క కాగితం తప్పినా లాయర్ పెదవి విరుస్తాడు. బొమ్మలకీ అంతే. లింకు తెగిన చోటే నకిలీ దూరుతుంది, దొంగసొత్తు దూరుతుంది. ముఖ్యంగా యూరప్‌లో నాజీల కాలం, అంటే 1933 నుంచి 1945 దాకా, ఖాళీ ఉంటే, ఆ బొమ్మ ఎవరి గోడ మీంచి లాక్కున్నారో అన్న అనుమానం వస్తుంది. ఒకే చేతిలో ఉన్న ఆస్తికి లింకు డాక్యుమెంట్ల గొడవే లేదు. మీకు కథ లేదనిపించేదీ అందుకే.

సార్జెంట్ వాటర్ కలర్లు జనంలోకి వెళ్లిన దార్లు చూస్తే తేడా తెలుస్తుంది. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

1907 ప్రాంతంలో ఆయనకి పోర్ట్రెయిట్లంటే మొహం మొత్తింది. ఆర్డర్లు తిప్పికొట్టడం మొదలుపెట్టాడు. వదలని వాళ్లకి బొగ్గుతో తల ఒక్కటి గీసిచ్చి పంపించేవాడు. వేసవి రాగానే అక్కచెల్లెళ్లనీ మేనకోడళ్లనీ స్నేహితుల్నీ వెంటేసుకుని ఆల్ప్స్‌కో వెనిస్‌కో వెళ్లి తనకి నచ్చినవి వేసుకునేవాడు. అవి అమ్మకానికి కాదు.

1909లో న్యూయార్క్‌లో నాడ్లర్ గ్యాలరీలో 86 వాటర్ కలర్లు చూపించారు. విడివిడిగా అమ్మనన్నాడు. తూర్పు తీరంలో ఏదైనా మ్యూజియం మొత్తం తీసుకుంటే ఇస్తానన్నాడు. బ్రూక్లిన్ మ్యూజియం 83 తీసుకుంది, 20,000 డాలర్లకి. లెక్కేస్తే ఒక్కోటి 241 డాలర్లు పడింది. బోస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ వాళ్లకి ఇది కడుపుమంట. 1912లో రెండో విడత వచ్చినప్పుడు ప్రదర్శన తలుపులు తెరవకముందే 45 పట్టేశారు. 1915లో మెట్రోపాలిటన్ మ్యూజియం ఆయన దగ్గరే నేరుగా కొనుక్కుంది. 1917లో ఆయన ఫ్లోరిడా వెళ్లాడు, రాక్‌ఫెల్లర్ పోర్ట్రెయిట్ పని మీద. ఆ పనిలో పనిగా మయామీ దగ్గర డీరింగ్‌లనే డబ్బున్నవాళ్ల ఇంట్లో దిగి, బురదలో పడుకున్న మొసళ్లనీ తాటిచెట్ల లాంటివాటినీ వేశాడు. వాటిలో 11 వూస్టర్ మ్యూజియంకి వెళ్లాయి. మొసళ్ల బొమ్మ నా ఫేవరెట్. ఆ బురదలో ఎండ చూడాలి.

ఇవన్నీ ఒకే అడుగులో మ్యూజియం చేరినవి. రెండో రకం స్నేహితులకి ఇచ్చినవి. వాటి మీద "నా స్నేహితుడు ఫలానాకి" అని రాసి సంతకం పెట్టేవాడు. అవి వారసుల చేతుల్లోంచి వేలానికి వస్తుంటాయి. మూడో రకం ఆయన పోయేనాటికి స్టూడియోలో మిగిలినవి. 1925 జూలై 24, 27 తేదీల్లో లండన్‌లో క్రిస్టీస్ వాళ్లు వేలం వేశారు. అమ్మకుండా ఉంచుకున్నవి చెల్లెళ్లు ఎమిలీ, వయొలెట్ల దగ్గర ఉన్నాయి. వయొలెట్ ఆర్మండ్ గారు 1950లో మెట్రోపాలిటన్‌కి కట్టలు కట్టలుగా ఇచ్చేసింది. ఆ మ్యూజియం సైటులో సార్జెంట్ బొమ్మ కింద నంబర్ 50.130తో మొదలైతే అది ఆవిడ కానుక, 15.142 అయితే 1915లో ఆయన దగ్గర కొన్నది. ముందు సంవత్సరం, తర్వాత ఆ ఏడాది ఎన్నో ఖాతా, ఆపైన బొమ్మ నంబర్. ఇది తెలిస్తే సగం చరిత్ర నంబర్‌లోనే కనిపిస్తుంది.

మన తెల్లబట్టల బొమ్మ ఈ మూడిట్లోనూ పడదు.

---

వాదన_వాసు | ఆదివారం ఉదయం 11:31

లింక్ డాక్యుమెంట్ల మాట బాగుంది. ఒప్పుకుంటున్నా, సగం.

---

శైలు_కె (పూణె) | ఆదివారం మధ్యాహ్నం 2:10

మేనకోడళ్ల మాట వచ్చింది కాబట్టి... సార్జెంట్ దగ్గర ఒక కశ్మీరీ శాలువా ఉండేది. బూటా అంచు ఉన్నది. ఆ ఒక్క శాలువాని ఎంతమందికి కప్పాడో లెక్కలేదు. "కశ్మీర్" అనే ఆయిల్‌లో ఏడుగురు అమ్మాయిలు నడుస్తుంటారు, ఏడుగురూ ఒక్క మేనకోడలే, ఒకటే శాలువా, కప్పుకున్న తీరు మారుతుంది. 1996లో వేలంలో 1 కోటి 11 లక్షల డాలర్లు పలికింది. నేసినవాళ్లకి ఎంత ముట్టిందో మరి!

ఇంకో మేనకోడలు రోజ్-మేరీ. ఈమెని కూడా ఎన్నోసార్లు వేశాడు. భర్త 1914లో యుద్ధంలో పోయాడు. 1918 గుడ్ ఫ్రైడే నాడు పారిస్‌లో సెయింట్ జెర్వే చర్చికి వెళ్లింది. జర్మన్ల దూరపు ఫిరంగి గుండు చర్చి కప్పు మీద పడింది. అక్కడ చనిపోయిన చాలామందిలో ఈమె ఒకరు. మూడు నెలలకి సార్జెంట్ బ్రిటిష్ ప్రభుత్వం తరఫున ఫ్రాన్స్ యుద్ధరంగానికి బొమ్మలు వేయడానికి బయల్దేరాడు. వయసు 62. అక్కడ ఫ్లూ తగిలి సైనికాసుపత్రి గుడారంలో పడుకున్నాడు. ఆ గుడారం లోపలి వాటర్ కలర్ ఒకటి లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది. వరసగా మంచాలు, దుప్పట్లు, గుడ్డలోంచి వడగట్టినట్టు వెలుతురు.

నాకైతే తెల్లబట్టల గార్డ్‌నర్‌ని చూస్తే ఆ గుడారం గుర్తొస్తుంది. సిల్కు గౌన్లు వేసిన చెయ్యి నాలుగేళ్ల ముందు ఆసుపత్రి దుప్పట్లు వేసింది.

---

కుంచె_నీళ్లు | ఆదివారం మధ్యాహ్నం 2:44

శైలు గారూ, ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకెప్పుడూ తట్టలేదు. థాంక్స్.

---

గోదారి_వాణ్ణి (రాజమండ్రి) | ఆదివారం రాత్రి 8:30

పెద్దలు మన్నించాలి, దారం కొంచెం పక్కకి లాగుతున్నా. మా ఇంట్లో ఒక వాటర్ కలర్ ఉంది. గోదావరి రేవు, మెట్ల మీద బిందెతో ఒకావిడ. సంతకం లేదు. దామెర్ల రామారావు గారిదని మా తాత చెప్పేవాడట. రామారావు గారూ 1925లోనే పోయారు, ఫిబ్రవరిలో, 28 ఏళ్లు కూడా నిండకుండా, మశూచి వచ్చి. ఊళ్లో ఆయన గ్యాలరీకి చిన్నప్పుడు స్కూలు వాళ్లు తీసుకెళ్తే మా నాన్న ఇంటికొచ్చాక "మనింట్లోనూ ఒకటుందిరా" అనేవాడు.

బొమ్మ వెనక అట్ట మీద ఒక చీటీ ఉండేది. ఎవరో ఇంకుతో రాసింది, పేరు, ఊరు, ఏదో తేదీ. చిన్నప్పుడు నేను చూశా, చదవలేదు. ఆరేళ్ల కింద చెదలు పడుతోందని కొత్త ఫ్రేము కట్టించడానికి ఒక షాపులో ఇచ్చాం. బంగారు రంగు ఫ్రేము, కొత్త అద్దం, వెనక కొత్త ప్లైవుడ్, తళతళలాడుతూ వచ్చింది. పాత అట్ట ఏదీ అంటే "అది చెత్తండీ, పడేశాం" అన్నాడు కుర్రాడు. మూడుసార్లు వాళ్ల చెత్తబుట్ట దగ్గరికి వెళ్లా. దొరకలేదు. ఇప్పటికీ ఆ షాపు ముందు నుంచి వెళ్తే కడుపులో తిప్పుతుంది.

పాతకాగితాలు గారూ, లింకు డాక్యుమెంటు చెదలు తినలేదు సార్, నేనే డబ్బిచ్చి చింపించా.

---

పాతకాగితాలు | ఆదివారం రాత్రి 9:12

బాబూ, ఇది మీ ఒక్కరికే జరగలేదు. బొమ్మకి ముందువైపు పెయింటర్‌ది, వెనకవైపు యజమానులది. గ్యాలరీ చీటీ, వేలం వాళ్ల నంబరు, ఫ్రేము కట్టినవాడి స్టాంపు, రైల్వే పార్సిల్ కాగితం, అన్నీ వెనకే. ఎవరికైనా ఇచ్చేముందు వెనక ఫోటో తీసుకోవాలి, పాత అట్ట సంచిలో పెట్టి వెనక్కి అడగాలి.

ఇంకోటి కూడా చెప్పాలి, బాధపడొద్దు. తాత మాట విలువైనదే, కానీ అది తాత మాటగానే ఉంటుంది. సార్జెంట్‌కైతే వయొలెట్ మనవడు రిచర్డ్ ఆర్మండ్, ఎలేన్ కిల్మరీ కలిసి దశాబ్దాలు కూర్చుని తొమ్మిది సంపుటాల్లో ప్రతి బొమ్మకీ ఎవరి నుంచి ఎవరికి అని రాసిపెట్టారు. మన పెయింటర్లలో ఎందరికి అలా జరిగింది? రామారావు గారి బొమ్మలు ఒక గ్యాలరీగా ఊళ్లోనే నిలవడమే మన అదృష్టం.

---

వాదన_వాసు | సోమవారం ఉదయం 8:05

మళ్లీ నేనే. ఆ గార్డ్‌నర్ మ్యూజియంలో దొంగతనం జరిగింది కదా, 1990లో? పోలీసు యూనిఫారాల్లో ఇద్దరు వచ్చి 13 వస్తువులు పట్టుకుపోయారు. వెర్మీర్, రెంబ్రాంట్ అన్నీ. ఒకే చేతిలో ఉన్న ఆస్తికి గొడవ లేదన్నారు. మరి?

---

చార్లెస్_గట్టు | సోమవారం ఉదయం 8:50

అవును, ఖాళీ ఫ్రేములు ఇప్పటికీ గోడలకి వేలాడుతున్నాయి. అమ్మ అడిగింది, "కొత్తవి పెట్టుకోవచ్చుగా" అని. నాకు జవాబు తెలియలేదు.

---

పాతకాగితాలు | సోమవారం మధ్యాహ్నం 1:20

పెట్టకూడదు. ఆవిడ వీలునామా గట్టిది. తను అమర్చినట్టే ఉండాలి, ఆ అమరిక మార్చితే ఆస్తి మొత్తం హార్వర్డ్‌కి వెళ్లిపోవాలి. 2012లో రెంజో పియానో అనే ఆర్కిటెక్ట్ కట్టిన కొత్త భవనం తెరిచారు కదా, దానికి ముందు కోర్టు అనుమతి దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆవిడ పోయి అప్పటికి ఎనభై ఏళ్లు దాటింది, అయినా ఇల్లు ఆవిడ మాటే వింటోంది!

వాసు గారి ప్రశ్న న్యాయమైనదే. 1990 మార్చి 18 తెల్లవారుజామున దొంగలు 81 నిమిషాలున్నారు. పోయినవాటిలో డెగా అనే పెయింటర్ కాగితం మీద వేసిన బొమ్మలు అయిదు ఉన్నాయి. కింది అంతస్తు బ్లూ రూమ్‌లోంచి మానే వేసిన చిన్న ఆయిల్ పోయింది. మెక్‌నైట్ రూమ్ ఉన్నదీ అదే అంతస్తులో. చంకలో పెట్టుకుపోయేంత చిన్న బొమ్మ మనది. దాన్ని ముట్టుకోలేదు. కోటి డాలర్ల బహుమానం ప్రకటించినా పోయినవి ఒక్కటీ దొరకలేదు. దొరికిన రోజున ఎవరివి అన్న వాదన మాత్రం ఉండదు. ఆ కాగితాలు పక్కాగా ఉన్నాయి.

---

వాదన_వాసు | సోమవారం మధ్యాహ్నం 1:38

మిగతా సగం కూడా ఒప్పుకున్నా. కర్జన్ విషయంలో మాత్రం తగ్గను.

---

శైలు_కె | సోమవారం సాయంత్రం 6:15

1888 పోర్ట్రెయిట్ సంగతి కూడా చెప్పండి ఎవరైనా. అప్పట్లో బోస్టన్ క్లబ్బులో చూపిస్తే దాని మీద ఊళ్లో చవకబారు జోకులు లేచాయట. భర్తకి చిర్రెత్తి, బతికున్నంతకాలం మళ్లీ జనానికి చూపించొద్దన్నాడు. ఆయన 1898లో పోయాడు. ఆవిడ 1903లో ఇంటిని మ్యూజియంగా తెరిచినా ఆ బొమ్మ ఉన్న గోతిక్ రూమ్ మాత్రం తను పోయేదాకా జనానికి మూసే ఉంచింది. సార్జెంట్ ఒకసారి ఆ గదినే స్టూడియోగా వాడుకున్నాడు కూడా.

అంటే ఆవిడ పడుచు రూపం గదిలో తాళం వేసి ఉంది, ముసలి రూపం తను రోజూ కూర్చునే గదిలో. అందరూ దీనికి ఉల్టా చేస్తారు. ఫేస్‌బుక్ చూడండి కావాలంటే.

---

కుంచె_నీళ్లు | సోమవారం రాత్రి 9:30

ఒక్క టెన్షన్ నాకు. వాటర్ కలర్‌కి శత్రువు వెలుతురు. ఆయిల్ నిలుస్తుంది, కాగితం మీద పల్చటి రంగు ఎండకి ఎగిరిపోతుంది. అందుకే చాలా మ్యూజియాలు వాటిని కొన్ని నెలలు చూపించి, తర్వాత చీకటి బీరువాలో పెట్టేస్తాయి. ఈ బొమ్మకి గోడే ఇల్లు. చార్లెస్ గారూ, గది చీకటిగా ఉందా?

---

చార్లెస్_గట్టు | సోమవారం రాత్రి 10:20

బాగా చీకటి. నేను మొదట విసుక్కున్నా, ఇంత డబ్బు టికెట్టు పెట్టి లైట్లు వేయరేంటి అని. ఇప్పుడర్థమైంది. అన్నట్టు, ఇసబెల్లా అని పేరున్నవాళ్లకి అక్కడ టికెట్టు ఉచితం. అమ్మ పేరు ఈశ్వరమ్మ. మొదటి అక్షరం కలుస్తుంది, అడిగి చూడమంటారా?

అమ్మతో ఇదంతా చదివి వినిపించాను. ఆవిడకి పట్టింది ఒకటే. "ఒంట్లో బాలేనప్పుడు ఫోటో తియ్యనివ్వం కదరా. ఆవిడ తియ్యనిచ్చిందంటే ఆయన ఎంత దగ్గరివాడో" అంది. శనివారం మళ్లీ తీసుకెళ్లమంటోంది.

---

గోదారి_వాణ్ణి | మంగళవారం ఉదయం 6:50

రాత్రి మా అమ్మని కూర్చోబెట్టి బొమ్మ గురించి తెలిసినంతా చెప్పించా. తాత ఎక్కడ తెచ్చాడో, ఎవరిచ్చారో, ఏ గోడకి ఎన్నేళ్లుందో. సగం "అనుకుంటా" అంది. చీటీ పోయిన సంగతి కూడా రాయాలా సార్? సిగ్గుగా ఉంది.

---

పాతకాగితాలు | మంగళవారం ఉదయం 7:25

అదే ముందు రాయండి. ఏ సంవత్సరం పోయిందో కూడా. అమ్మ "అనుకుంటా" అన్నచోట "అనుకుంటా" అనే రాయండి, మీరు సరిదిద్దొద్దు. విడి కాగితం మీద, పెన్సిల్‌తో. బొమ్మకి అంటించకండి, కవర్లో పెట్టి ప్లైవుడ్ బయటివైపు కట్టండి. కింద ఇవాళ్టి తేదీ, మీ పేరు.